చివరి షిఫ్టు గది

సూటిగా అడుగుతాను, చెప్పండి — దెయ్యానికి భయపడి ప్రాణం పోగొట్టుకునేవాళ్లు ఉంటారా? ఉంటారు. ఆ డయాలసిస్ కేంద్రంలో ఉన్నారు.

వరండా కొసన ఉందా గది. కరోనా సోకిన కిడ్నీ రోగులకు విడిగా కేటాయించింది. పగటి షిఫ్టులన్నీ ముగిశాక, రాత్రి పదింటికి దాని తలుపు తీస్తారు. లోపలికి వెళ్లినవాళ్లు మళ్లీ పగలు కనబడరట... తెరల వెనక నుంచి ఎవరో గుసగుసగా పిలుస్తారట... "అది గది కాదు, నోరు," అనేది ఊడ్చే ఆయా కూడా.

టైలరుకు ఈ కబుర్లన్నీ కంఠతా వచ్చు. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు అక్కడే రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు మరి. పరీక్షలో కరోనా తేలింది. ఇక రాత్రి షిఫ్టుకు రమ్మన్నారు. అంతే — రెండు డయాలసిస్‌లు ఎగ్గొట్టాడు!

కాళ్లు దిండ్లలా పొంగాయి. పడుకుంటే ఊపిరి అందదు. చెల్లెలు ఇక ఊరుకోలేదు.

"దెయ్యం పట్టడం తర్వాత సంగతి అన్నయ్యా, ముందు నీ ఒంటికి నీరు పట్టింది! నడుస్తావా, ఈడ్చుకుపోనా?"

నడిచాడు... గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి.

గదిలో మూడు మంచాలు, మధ్య మధ్య తెరలు. తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగులో ఉన్న టెక్నీషియన్ టైలరు చేతికి రెండు సూదులు గుచ్చింది. రక్తం గొట్టంలోకి పాకింది. ఆమె ఆక్సిజన్ సిలిండరు కోసం తలుపు దగ్గరికి వెళ్లింది.

అప్పుడే... తెర కదిలింది. గాలి లేదు.

"టైలరూ..."

ఆ గొంతు ఎరిగినదే! పగటి షిఫ్టులో పక్క కుర్చీలో కూర్చుని, "నా చొక్కా ఎప్పుడు కుడతావోయ్, కాటికెళ్లేటప్పటికా?" అని ఏడిపించే తాపీ మేస్త్రీది. మూడు వారాల కిందట ఈ గదిలోనే పోయాడని అందరూ చెప్పుకున్న మేస్త్రీది!

లేచి పరుగెత్తాలి — ఎలా? చేతిలో సూదులు. ఒంట్లో నెత్తురు బయట యంత్రంలో తిరుగుతోంది. కదిలితే చావు, కదలకపోతే...

తెర అంచున నాలుగు వేళ్లు. సిమెంటుకు పగిలిన వేళ్లు. తెర పక్కకు జరిగింది.

"ఏంటోయ్ ఆ చూపు?" మాస్కు వెనక దగ్గుతూ నవ్వాడు మేస్త్రీ. "ఊరెళ్లాడని చెప్పమన్నాను మా ఇంట్లో. మీరు ఏకంగా కాటికే పంపేశారా?"

"మరి... ఇక్కడికొచ్చిన వాళ్లెవరూ తిరిగి రారని..."

"రాకేం? పంతులమ్మ వచ్చింది. ఆటో అతను వచ్చాడు. రోజూ నీ ఎదురుగానే కూర్చుంటారు. వాళ్లూ ఊరెళ్లొచ్చామనే చెప్పారు. నిజం చెబితే కుర్చీలు దూరం జరుపుతారుగా మీరంతా!"

టైలరు చూపు మూడో మంచం మీద పడింది. కొత్త దుప్పటి. మడత కూడా నలగలేదు.

మేస్త్రీ గొంతు తగ్గింది.

"పోయినవాళ్లూ ఉన్నారులే. మనలాంటి వాళ్లను ఈ జబ్బు గట్టిగానే దెబ్బతీస్తుంది. కానీ ఆ మంచం మీదికి నిన్న తెచ్చిన మనిషి... ఈ గదికి జడిసి మూడు డయాలసిస్‌లు మానేశాడు. సూది గుచ్చే వ్యవధి కూడా ఇవ్వకుండా పోయాడు."

మూడు.

టైలరు మానేసినవి రెండు.

ఆ గదిలో పడుకుని లేచొచ్చినవాళ్లు డయాలసిస్‌కు వచ్చే మీలోనూ ఉన్నారు, నాకు తెలుసు. ఇంకెన్నాళ్లు ఊరెళ్లొచ్చామంటారు? రేపే పక్క కుర్చీవాళ్లకు నిజం చెప్పండి. విన్నవాళ్లు... దయచేసి కుర్చీ జరపకండి.