నలభై నిమిషాలు

శరత్‌చంద్ర గేటు తీసేసరికి పది నలభై అయింది.

"ఎన్నింటికి రమ్మన్న?" గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది స్పందన.

"పదింటికి. స్పందనా, అసలేమైందంటే..."

"కారణాలు చెప్పకు. కోర్టుల రోజూ ఇనేది గవే."

"వకీలమ్మా, జర ఒక్క నిమిషం ఇనరాదు."

"బాపు చూస్తుండు. నడు."

కరీంనగర్‌లో తొమ్మిదింపావు నుంచి వాన. శరత్ పెద్దపల్లి నుంచి బైకు మీద వచ్చిన మనిషి. అయినా అతని చొక్కా భుజాల దగ్గర తప్ప ఎక్కడా తడవలేదు. స్పందన అది చూసింది. కోపంలో ఉంది కనుక దాని గురించి ఆలోచించలేదు.

రెండేళ్ల కిందట అతను లాప్‌టాప్ పట్టుకుని కోర్టుకు వచ్చాడు. పాత బెయిల్ ఆర్డర్లు కావాలన్నాడు. ఎందుకని అడిగితే, వాటిని చదివి జడ్జిలకు సలహా చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నానన్నాడు.

"జడ్జిల నౌకరీ తీయనీకి వచ్చినవా?" అని ఆ రోజే నిలదీసింది స్పందన.

"ముందు జడ్జిలది. వకీళ్లది తర్వాత."

ఆ తగువు ఇంకా తెగలేదు. తగువు పడందే ఇద్దరికీ పొద్దు గడవని స్థితి మాత్రం వచ్చింది.

స్పందన తండ్రి మధుసూదన్‌రావు రిటైరైన జిల్లా జడ్జి. ఆయన ఒకసారి కాదంటే ఆ ఇంట్లో అప్పీలు లేదు. శరత్‌ను పెళ్లి చేసుకుంటానని స్పందన చెబితే, ఒక్కసారి చూస్తాను, ఆదివారం పదింటికి రమ్మను అన్నాడు. అతను నచ్చకపోతే వచ్చే ఆదివారం జగిత్యాల నుంచి పెళ్లిచూపులకు వస్తారు.

మధుసూదన్‌రావు గోడ గడియారం చూశాడు. తర్వాత శరత్‌ను చూశాడు. ఆర్డరు రాసే ముందు కూడా తండ్రి అలాగే గడియారం చూసేవాడని స్పందనకు తెలుసు. చేతిలో గొడుగు ఇంకా మడవలేదని అప్పుడు గమనించుకుంది.

"నీ కంప్యూటర్ జడ్జి పని చేస్తదట?"

"సలహా చెప్తది సర్. నలభై వేల ఆర్డర్లు చదివింది. అందుల మీవి కూడా ఉన్నై."

"అయితే ఒక కేసు చెప్త. కొట్టు."

బోథ్ అనే ఊరి దిక్కు రైతు. పొలం గట్టు పంచాయితీలో కొట్లాట. బెయిల్ మీద ఉన్నాడు. వరుసగా రెండు వాయిదాలకు రాలేదు. కబురు లేదు, పిటిషన్ లేదు. వారెంట్ మీద పోలీసులు పట్టుకొచ్చారు.

"ఏం చెయ్యాలె?"

శరత్ సంచిలోంచి లాప్‌టాప్ తీసి టైపు చేశాడు. ఒకసారి వేలు జారితే చెరిపి మళ్లీ కొట్టాడు. స్పందన తల్లి సీతాబాయి మంచినీళ్లు తెచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"బెయిల్ రద్దు, సర్. తొంభై నాలుగు శాతం ఖాయమంటది."

"నేనూ గదే రాసిన."

స్పందన ఊపిరి పీల్చుకుంది. శరత్ నవ్వబోయాడు.

"తప్పు రాసిన," అన్నాడు మధుసూదన్‌రావు.

శరత్ నవ్వు అక్కడే ఆగింది.

"ఆయన పేరు లచ్చయ్య. రెండు వాయిదాలప్పుడూ వాగు పొంగి ఊరికి తొవ్వ లేదు. ఫోన్ లేదు. మూడు నెలలు జైల్ల ఉన్నడు. బిడ్డ పుడితే చూడలే. నాకు రెండేండ్లకు తెలిసింది. బోథ్ పోయి ఆయన ముందట కూసున్న. ఏం మాట్లాడాల్నో తెల్వలే." ఆయన లాప్‌టాప్ వైపు చూశాడు. "నీ మిషిన్ నా ఆర్డరు నేర్చుకున్నది. నేను బోథ్ పోయింది నేర్చుకున్నదా?"

అవును సర్, తప్పే సర్ అని అతను అనేస్తే బాగుండునని స్పందన అనుకుంది. శరత్ లాప్‌టాప్ మూశాడు.

"లేదు సర్. ఎందుకు రాలేదని మిషిన్ అడగలే." మధుసూదన్‌రావును సూటిగా చూశాడు. "కోర్టుల ఆయన మీ ముందట నిలబడ్డప్పుడు మీరు కూడా అడగలే కద సర్."

ఇంతకంటే చిన్న మాటకు ఆయన వకీళ్లను బయటికి పంపిన సంగతి స్పందన విని ఉంది. జగిత్యాల వాళ్లు ఎన్నింటికి వస్తామన్నారో గుర్తు చేసుకుంది.

"అడగలే," అన్నాడు మధుసూదన్‌రావు. "ఇరవై ఏండ్ల సంది నాకు నేనే అనుకుంటున్న. మొఖం మీద అన్నోడివి నువ్వే." మళ్లీ గడియారం చూశాడు. "ఇయ్యాల నలభై నిమిషాలు లేటొచ్చినవ్. నువ్వు రాకముందే కాదందామనుకున్న. నిన్నూ అడగలే. ఇప్పుడు అడుగుతున్న. ఎందుకు లేటైంది?"

శరత్ స్పందనను చూసి తల దించుకున్నాడు.

"తొమ్మిదింటికే వచ్చిన సర్. ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న. లోపలికి రానీకి ధైర్యం సాలలే. ఒక్క చాయ్ తాగి పోదామనుకున్న. ఐదైనై."

తడవని చొక్కా స్పందనకు ఇప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్లుగా వకీలు. సాక్ష్యం గేటు దగ్గరే ఎదురుగా నిలబడింది. చెప్పబోతే తనే వద్దంది.

"సాక్షి ఉన్నరా?" అన్నాడు మధుసూదన్‌రావు నవ్వకుండా.

"నేనున్న," అంది సీతాబాయి. "పాలకు పోయినప్పుడు చూసిన. మూల బల్ల మీద కూసోని మన గేటు దిక్కే చూస్తుండు."

"మరి ఇంతసేపు చెప్పవైతివి?"

"నన్ను ఎవలడిగిండ్రు?"

ముందు స్పందన నవ్వింది. తర్వాత మధుసూదన్‌రావు.

"సర్," అన్నాడు శరత్, "లచ్చయ్య దగ్గరికి నన్ను తీస్కపోతరా? ఆయన చెప్పేది ఇనాలె."

"వానలు తగ్గనీ. స్పందనను కూడ తీస్కొని ముగ్గురం పోదాం." ఆయన భార్య వైపు తిరిగాడు. "జగిత్యాలోళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. ఈ పిలగానికి ఇంకో చాయ్ పెట్టు."

"ముందుగాల తాగుతడో లేదో అడుగుండ్రి," అంది సీతాబాయి.

స్పందన గొడుగు మడిచి గోడకు ఆనించింది. శరత్ వైపు తిరిగి, "ఆరో చాయ్ తాగుతవా?" అని అడిగింది.