గూబయ్య చెల్లెలు

"ఆఖరి లైను చదవండి."

కుర్చీలో కూర్చున్న అమ్మాయి గడగడా చదివేసింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించే కుర్రాడికి ఎందుకో అనుమానం వచ్చింది. చార్టు తీసేసి ఇంకోటి తగిలించాడు.

"ఇప్పుడు?"

అమ్మాయి కళ్ళు చికిలించింది.

"మీ ముందు వచ్చినాయన చదువుతుంటే విని బట్టీపట్టేశారు కదూ?"

"పట్టాను. అయితే ఏంటట? లైసెన్సు రెన్యువల్‌కి మీ సంతకం కావాలి. స్కూలు వ్యాన్ నడుపుతాను. నా రూటు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"మూసుకునే నడుపుతున్నట్టున్నారు. సంతకం పెట్టను."

ఆమె విసురుగా లేచి తలుపుదాకా వెళ్ళింది. బయట కుండపోత. మళ్ళీ వచ్చి మూతి ముడుచుకుని కుర్చీలో కూలబడింది. అతను అద్దాలు మార్చి మార్చి పెట్టాడు. ఇది బాగుందా, ఇదా అని అడుగుతుంటే, ఒక అద్దం దగ్గర ఆమె ఆగి అతన్నే తేరిపార చూసింది.

"ఇందులోంచి మీరు కూడా పర్వాలేదు."

అతనికి చెవులదాకా ఎర్రబడింది.

ఆ అద్దాలతో కళ్ళజోడు చేయించుకున్నాక సంతకమూ దొరికింది. కానీ దాని మర తరచూ వదులయ్యేది. బిగించమని ఆమె షాపుకొచ్చేది. మర దానంతటది వదులవడం లేదని కనిపెట్టడానికి అతనికి చాలాకాలం పట్టింది. కనిపెట్టాక, ఇద్దరూ షాపు బయట కలుసుకోవడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం, పిల్లలందర్నీ దింపేసిన ఖాళీ వ్యాన్‌లో ఆమె అంది. "ఆదివారం మా ఇంటికి రా. నాన్నతో మాట్లాడాలి."

"మీ నాన్నగారు ఏం చేసేవారు?"

"టీవీలో పిల్లల ప్రోగ్రాం. గుడ్లగూబ బొమ్మ ఉండేది చూడు, గూబయ్య. దాన్ని ఆడించింది, మాట్లాడించింది నాన్నే."

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

చిన్నప్పుడు అతనికి గూబయ్యంటే హడల్. అది బొమ్మేనని ఎంతమంది చెప్పినా నమ్మలేదు. ఒకసారి భయపడి కుర్చీ వెనక నక్కితే, గూబయ్య తెరలోంచి తల తిప్పి, "కుర్చీ వెనక దాక్కున్నది ఎవరూ?" అన్నాడు. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తరువాత టీవీ కట్టేసినా సరే, దాని మీద తువ్వాలు కప్పితే తప్ప ఆ గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు.

ఇదంతా విని ఆమె పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది.

"నువ్వు బయట నుంచి చూసి నమ్మావు. నేను ఇంట్లో ఉండి నమ్మాను. నాన్న మామూలుగా నోరు విప్పడు. వాణ్ణి చేతికి తొడిగితే మాత్రం గలగలా మాటలు! ప్రాణమున్నది వాడికేననీ, నాన్న వాణ్ణి మోస్తాడంతేననీ అనుకునేదాన్ని. వాడు నాకు అన్నయ్య. వాడికోసం బిస్కెట్టు కూడా దాచేదాన్ని."

"బావుందిగా!"

"అమ్మ పోయిన సంగతి కూడా వాడే చెప్పాడు."

అతను ఆమెవైపు తిరిగాడు.

"ఆసుపత్రి నుంచి వచ్చి, నాన్న వాణ్ణి తొడుక్కుని నా ముందు కూర్చున్నాడు. వాడి రెక్కల కింద నాన్న మణికట్టు వణుకుతోంది. వాడు బొమ్మేనని అప్పుడు తెలిసింది నాకు." ఆమె స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. "పెద్ద విషయాలన్నీ నాన్న ఇప్పటికీ వాడిచేతే చెప్పిస్తాడు. మన సంగతి కూడా వాడిచేత మాట్లాడిస్తే లేచి వచ్చేస్తాను. నిన్ను పెళ్ళి చేసుకుంటాను. కానీ మళ్ళీ ఆ గడప తొక్కను."

ఆదివారం అతను చొక్కాలు మార్చి మార్చి, చివరికి మొదట వేసుకున్నదే వేసుకుని వెళ్ళాడు.

తలుపు తీసినాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. "రండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేటప్పటికి కుడిచేతికి గూబయ్య ఉన్నాడు.

టీ కప్పులు పెడుతున్న ఆమె పాలిపోయిన ముఖంతో కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఎవరీ అబ్బాయి?" అన్నాడు గూబయ్య. అదే గొంతు.

"క... కళ్ళు పరీక్షిస్తానండీ."

"అలాగా! నా కళ్ళెలా ఉన్నాయో చూడు."

అలవాటుకొద్దీ వంగి చూశాడు. సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు. "రంగు పోయిందండీ" అన్నాడు.

"మా పిల్లలో ఏం చూసి ఇష్టపడ్డావు?"

కుర్చీ కిర్రుమంది. ఆమె లేచింది. వ్యాన్ తాళాలు తీసుకుని తలుపువైపు నడిచింది.

అతను దిక్కుతోచక గూబయ్య మీంచి చూపు తిప్పి పెద్దాయన ముఖం చూశాడు. నుదుటినిండా చెమట. కూతురి వీపుమీదే కళ్ళు. ఈయన నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు, అనుకున్నాడు.

"మామయ్యగారూ!" అని నోరుజారి నాలుక్కరుచుకున్నాడు. ఇంక వెనక్కి తగ్గే వీల్లేదు. "నాకు గూబయ్యంటే చిన్నప్పటి నుంచీ భయమండీ. ఇప్పుడూ భయమే. కానీ నేను అడగడానికొచ్చింది మిమ్మల్ని. తను వినాలనుకునేదీ మీ మాటే. తడబడినా పర్లేదండీ. నేనూ తడబడుతూనే ఉన్నాగా."

గూబయ్య ముక్కు తెరుచుకుంది. మాట రాలేదు. మూసుకుంది.

పెద్దాయన మెల్లగా చేయి బయటికి లాక్కున్నాడు. బొమ్మ బల్లమీద సంచిలా చప్పబడిపోయింది. ఆ ఖాళీ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

"తల్లీ..." సన్నటి, జీరపోయిన గొంతు. "నా గొంతుతో చెబితే ఏడుస్తానేమోనని. ఏడిస్తే నువ్వు బెంబేలెత్తుతావని. అప్పుడూ అంతే... ఇప్పుడూ అంతే."

ఆమె తలుపు గడియ మీద చేయి అలాగే ఉంచి వెనక్కి తిరిగింది. "ఏడిస్తే ఏం నాన్నా? ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం."

ఆయన కుర్రాడివైపు తల తిప్పాడు. "ఈ అబ్బాయంటే నీకిష్టమేనా?"

"ఇష్టమే."

"అయితే నాకూ ఇష్టమే" అన్నాడు. అన్నాక ఏడ్చేశాడు. ఆమె ఒక్క అంగలో వచ్చి ఆయన భుజం మీద తల ఆనించింది. ఎటు చూడాలో తెలియక కుర్రాడు కిటికీవైపు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి పెద్దాయన ముఖం తుడుచుకుని, "టీ చల్లారిపోయింది, మళ్ళీ పెడతాను. బాబూ, నీకు చక్కెర ఎంత?" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అక్కణ్ణించే మీ షాపు ఎక్కడ, ఇంట్లో ఎవరెవరుంటారు అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఇంకా వణుకుతున్నావా?"

"ఊఁ."

"నేనూ" అని అతని చేయి పట్టుకుంది.