పైకి ఏమీ మారలేదు

ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్న సుధారాణి దగ్గరికి, లాప్‌టాప్ చేతుల మీద పెట్టుకుని, పెళ్లికొడుకులా నడిచొచ్చాడు ధీరజ్.

"సుధా! పాత కోడ్ చిక్కులన్నీ విప్పేశాను. పుణెలో కూర్చున్నవాళ్లు కూడా చూసి శభాష్ అంటున్నారు."

"సంతోషం. ప్రశ్నల పక్కన బొమ్మలు పెట్టారా?"

"అవి తర్వాత."

"మరి పైకి ఏం మారింది?"

"ఏమీ మారలేదు. అదే కదా గొప్ప!"

చేతిలో కత్తి ఉందన్న సంగతి గుర్తొచ్చి సుధారాణి దాన్ని పక్కన పెట్టేసింది. ఈ మనిషితో ఎలా వేగాలి దేవుడా అనుకుంది.

ఆమె రాష్ట్ర సరిహద్దు అవతల కొంటా చుట్టుపక్కల ఊళ్లు తిరిగే నర్సు. భీమవరం నుంచి కోడలిగా వచ్చింది, ఇక్కడి ఊళ్లవాళ్లు మాట్లాడే దోర్లీ భాష రాదు. ఆమె కోసమే ధీరజ్ ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఒక యాప్ తయారుచేశాడు. తెలుగులో ప్రశ్న నొక్కితే ఫోన్ దాన్ని దోర్లీలో అడుగుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ తెరిచి బాగుచేయొచ్చు; పుణెలో కొందరు అలాగే చేయి వేస్తుంటారు. ఎండలో అక్షరాలు కనబడటం లేదు, బొమ్మలు పెట్టండి మొర్రో అని నర్సులంతా గోల పెడుతున్నారు. ఈయనగారు మాత్రం లోపల సర్దుతూనే ఉన్నాడు.

"ఏందిరా, చుట్టాలు గుమ్మంల నిలబడితే నువ్వు అటక సర్దుతున్నవా?" అంది అత్తగారు గంగారత్నం, ఉప్మా అయ్యాక కొడుకు పళ్లెంలో వడ్డిస్తూ.

"పోయినేడు నీ కోడలు తొందరపెడితే జ్వరం ప్రశ్నలు ఇరికించానమ్మా. యాప్ మొత్తం మూలబడింది. అప్పుడు నన్నే తిట్టారు!"

అది నిజమే. సుధారాణి పోపు గిన్నె మీద కోపం చూపించింది.

అంతలో గుమ్మంలో ముయె కనబడింది. పక్క ఊరి మితానిన్, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త. యాప్‌లో ఆడవాళ్ల ప్రశ్నలు అడిగే గొంతు ఆమెదే; మగవాళ్ల ప్రశ్నలు అడిగేది లచ్చు గొంతు.

"దీదీ, నేను ట్రైనింగ్‌కి సుక్మా పోతే నువ్వు లక్మేని ఏం జేసినవ్? దవాఖానకు రానంటే రానంటాంది!"

సుధారాణి గతుక్కుమంది. లక్మే నిండు చూలాలు. నిన్న ఆమె కాళ్ల వాపు చూసి, ఫోన్‌లో ప్రశ్న నొక్కితే, ఆ పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కుని ఇంట్లోకి పరుగెత్తింది. ఫోన్‌లో ఏదో మగ గొంతు పలికిందని తెలుసు గానీ, దానికి అంత పరుగెందుకో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

"ఫోన్ల లచ్చు మాట్లాడిండు దీదీ! లచ్చు ఆమె మొగుడికి అన్న. బావ ముందట మా ఆడోళ్లు నోరే తెరవరు. ఆ బావే కడుపు ముచ్చట అడిగితే సిగ్గుతో సచ్చిపోయింది. నా గొంతు యాడ పోయింది?"

అందరూ ధీరజ్ వైపు చూశారు. అతని చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఒకే ప్రశ్న రెండు గొంతుల్లో ఉంది. లచ్చుది స్పష్టంగా ఉందని... రెండోది అనవసరమని తీసేశా. మొన్ననే నీ ఫోన్లోకి ఎక్కించా సుధా."

"అనవసరమా?" సుధారాణి గొంతు వీధిలోకి వినబడింది. "ఒక్క మాట నన్నడిగితే మీ సొమ్మేం పోయేది? పుణెవాళ్లని అడుగుతారు, ఇంట్లో ఉన్నదాన్ని అడగరు! ఆ పిల్లకి ఏమైనా అయితే ఎవరిది పాపం?"

ధీరజ్ చేయి కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ముయె టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఆమె గొంతు ఫోన్‌లో పలికింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది సుధారాణి.

"ఇదివరకైతే వారం పట్టేది. సర్దాను కాబట్టి..." అని నసిగాడు. అతను సర్దిందీ పనికొచ్చిందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు ఆమెకి ఒళ్లు మండింది.

"లేవండి. మీరూ రండి. వాడేవాళ్ల ముఖాలు ఒక్కసారైనా చూద్దురు గాని."

లక్మే తలుపు తీయలేదు. ఆ ఫోన్ డబ్బాలోంచి బావ వింటాడని ఆమె భయం. ముయె తలుపు దగ్గర కూర్చుని, వినేవాళ్లెవరూ లేరని దోర్లీలో నచ్చజెప్పి, ఫోన్ నొక్కింది. పక్కనున్న మనిషి గొంతే ఫోన్‌లోంచీ రావడంతో తలుపు కొంచెం తెరుచుకుంది. నిన్నటి నుంచి తల పగిలిపోతోందట, కళ్లు మసకబారుతున్నాయట. సుధారాణి ఆమె రక్తపోటు చూసి, ప్రమాదంగా పెరిగిందని, జీపు పిలవమని ధీరజ్ మీద అరిచింది.

సాయంత్రం ఆసుపత్రిలో, సమయానికి తెచ్చారు, తల్లికీ బిడ్డకీ గండం తప్పిందన్నాడు డాక్టరు. ధీరజ్ వరండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ముయె గొంతు ఉంచి ఉంటే, లక్మే ఇదంతా నిన్ననే నీకు చెప్పేది కదూ?"

"చెప్పేది," అంది సుధారాణి. అబద్ధమాడాలనిపించింది గానీ ఆడలేదు. పక్కనే కూర్చుని అతని చేయి పట్టుకుంది. "సర్దొద్దని నేననను. తీసేసేముందు మమ్మల్ని అడగండి, చాలు. నేనూ ఇక తొందరపెట్టను."

లోపల్నుంచి ముయె వచ్చింది.

"దాదా, నిన్నే. ఆ డబ్బాల తన గొంతు గూడ పెట్టమంటాంది లక్మే. తన లెక్క ఇంకెవరూ భయపడి ఇంట్ల దాక్కోవద్దంట."

ధీరజ్ తలూపాడు. భార్య భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చేశాడు.