రెండో సంతకం

మూడడుగుల నేల కోసం చేయి చాచి, చోటడగడంలోని చిన్నతనాన్ని తానే భరించి చూపిన వామనమూర్తికి ముందుగా నమస్కారం. ఆయన దయ ఉంటే ఈ చిన్న కథ తడబడక నడుస్తుంది.

తాళాల పనివాడు మూడో అంతస్తులోని గది ముందు కూర్చుని పాత తాళం ఊడదీస్తుండగా, ఒక యువతి మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది. నిలువనీడ లేనివారికి గదులు వెతికిపెట్టే సంఘంలో ఆమె ఉద్యోగిని.

"ఏమయ్యా, లోపల మనిషి ఉండగా తాళం మారుస్తావా?"

"తాళం మార్చమన్నారండీ. మనిషి సంగతి నాకు చెప్పలేదు."

"మాటలకేం తక్కువ లేదు. మనసు మాత్రం ఇనప్పెట్టెలో దాచి వచ్చినట్టున్నావు!"

"తాళంచెవి మీ దగ్గరుంటే తీసి చూడండి."

లోపల ఒక బామ్మ తన నాలుగు బట్టలూ మూట కట్టుకుంటోంది. నా అన్నవారు లేక నాలుగు నెలలు బస్టాండు బల్ల మీద పడుకున్న ఆ వృద్ధురాలికి ఈ గది ఇప్పించింది సంఘమే. ఇంటి యజమాని షరతు ఒక్కటే: ఆమె నడవడికి ఇద్దరు పూచీ సంతకాలు చేయాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కారాదు. పూర్వం ఎవరికో పూచీపడిన అన్నదమ్ములిద్దరూ ఒకేసారి కనబడకుండా పోయినందున పుట్టిన నియమమది. ఇప్పుడు బామ్మకు పూచీ ఉన్న ఇద్దరూ వేరే ఊళ్ళకు తరలిపోయారు.

"ఒక సంతకం నేను పెడతాను. రెండోది సాయంత్రానికి తెస్తాను" అంది యువతి.

"ఇప్పుడే కావాలి" అన్నాడు అప్పుడే పైకి వచ్చిన యజమాని.

తాళాల పనివాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం అందుకుని సంతకం చేశాడు.

"ఈవిడ నీకు తెలుసా?" యజమాని నిలదీశాడు.

"పావుగంటగా తెలుసండీ. తన గది తాళం ఊడదీస్తున్నవాడికి మంచినీళ్ళిచ్చింది. ఇంకేం తెలియాలి?"

యువతి అతణ్ణి మొదటిసారి సరిగా చూసింది.

అది మొదలు ప్రతి ఆదివారమూ బామ్మ క్షేమం కనుక్కోవడానికి ఆమె వచ్చేది. గడియ సరిచేయడానికి అతడూ వచ్చేవాడు.

"గడియకు నూనె వేయాలి."

"పోయిన వారమే వేశారుగా!"

"ఆరిపోయి ఉంటుందండీ."

బామ్మ చొక్కాలకు గుండీలు కుడుతూ, ఏమీ విననట్టు సూదిలో దారం ఎక్కించుకునేది.

ఏడాది కావస్తుండగా ఒక ఆదివారం వాన పట్టుకుంది. ఇద్దరికీ ఒకటే గొడుగు. వీధి మలుపులో ఆమె ఆగింది.

"మా ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు."

అతడు కాసేపు వాననే చూశాడు. "మంచిదండీ" అన్నాడు.

ఆమె గొడుగుతో ముందుకు సాగిపోయింది. అతడు తడుస్తూ నిలబడ్డాడు.

తరువాతి రెండు ఆదివారాలూ ఆమె రాలేదు. గడియకు మాత్రం నూనె పడింది. బామ్మ గుచ్చి గుచ్చి అడిగితే చివరకు అతడు నోరు విప్పాడు.

"మేమిద్దరం ఒక ఇంటివాళ్ళమైతే మీకు ఒక్క పూచీయే మిగులుతుంది బామ్మగారూ. ఈ గది పోతుంది."

"నా నెత్తిన కప్పు కోసం నీ ఇల్లు కట్టుకోవడం మానేస్తావా, వెర్రినాయనా? పద కిందకి!"

బామ్మ పంపిన కబురందుకున్న యువతి, మళ్ళీ తాళం మారుస్తున్నారనుకుని పరుగున వచ్చేసరికి, ముగ్గురూ యజమాని హాలులో ఉన్నారు.

"వీళ్ళు ఒకింటివాళ్ళైతే రెండో పూచీ ఎవరిది? నియమం నియమమే" అంటున్నాడు యజమాని.

"ఎవరు ఒకింటివాళ్ళవుతున్నారు?" అంది యువతి.

అతడు నేల చూపులు చూశాడు.

"చెప్పు నాయనా. నోటికీ తాళం వేశావా?" అంది బామ్మ.

"మనం పెళ్ళి చేసుకుంటే బామ్మగారు మళ్ళీ ఆ బల్ల మీదికి పోతారని భయపడ్డానండీ. అందుకే ఆ రోజు మంచిదన్నాను. నాకేం మంచిది కాదు."

యువతి అతడి వైపు తిరిగింది. "ఈ ఒక్క మాట నాతో అనలేకపోయారా? మరో సంతకం వెతకడమే కదండీ నా ఉద్యోగం!"

ఆమె వెతకనక్కర లేకపోయింది. యజమాని భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కలం అందుకుంది.

"నువ్వా! నువ్వు మన ఇంటిదానివి!" అన్నాడు యజమాని.

"మీ ఇంటిదాన్నే. వాళ్ళింటిదాన్ని కాదుగా? మీ నియమం మీరే చదువుకోండి. ఏడాదిగా మీ చొక్కాలకు గుండీలు నిలుస్తున్నాయంటే ఎవరి చలవ?"

యజమాని కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. కాగితం ఆమె ముందుకు జరిపాడు.

బామ్మ ఆ ఇద్దరి తలల మీదా చేతులుంచి, కళ్ళు మూసుకుని ఏదో అంది. అది వారికి మాత్రమే వినబడింది.

ఈ కథ విన్న వారికీ, వినిపించిన వారికీ తలదాచుకునే చోటూ, తమకై పూచీపడే ఒక మనిషీ, మరొకరికి పూచీపడే మనసూ ఆ స్వామి ప్రసాదించుగాక.