కాలు కింద పెట్టనివ్వని కూతురు

శనివారం ఉదయం కాఫీ మరిగేలోపు మార్యున్ వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలు రెండూ ధన్‌మని నేలకు దింపుతోంది. దింపినప్పుడల్లా అలమరలో కప్పులు గలగలమంటున్నాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది... అరవై తొమ్మిదేళ్ల మనిషి పంతం పట్టిన పిల్లలా పెదవి బిగించి లెక్కపెడుతోంది.

"మళ్లీ మొదలెట్టావా అమ్మా?" తలుపు తోసుకుని వచ్చిన రాన్వా చేతుల్లో పాలడబ్బాలు, బంగాళదుంపల సంచీ ఉన్నాయి. "వీధిలోకి వినిపిస్తోంది. ఎవరో గోడ కూలుస్తున్నారనుకుంటారు."

"అనుకోనీ. ముప్పై అయ్యాకే కాఫీ. ఆ సంచీ ఎందుకు మోసుకొచ్చావ్? నేనే వెళ్లి తెచ్చుకుంటానని చెప్పానా లేదా?"

"మెట్లు తడిగా ఉన్నాయి."

"ఫారో దీవుల్లో మెట్లు ఎప్పుడు పొడిగా ఉన్నాయే?"

కిందటి ఆగస్టులో ఆ తడి మెట్ల మీదే జారి మార్యున్ ఎడమ మణికట్టు విరిగింది. పరీక్ష చేస్తే ఎముకలు పలచబడ్డాయని తేలింది. మందులు మొదలుపెడదామంది డాక్టరమ్మ. ఒక్క ఏడాది గడువివ్వమని అడిగింది మార్యున్. వెన్నులో విరుగుళ్లేమీ లేవు గనక డాక్టరమ్మ సరేనంది, కానీ షరతులు పెట్టింది. వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినట్టే చెయ్యాలి, చేపా పెరుగూ కడుపునిండా తినాలి, ఏడాది తిరిగాక మళ్లీ పరీక్ష. ఎముకలు ఇంకా పలచబడితే మారుమాట్లాడకుండా మాత్రలు.

మార్యున్ ఒప్పుకుంది. కూతురే ఒప్పుకోలేదు. రెండిళ్ల అవతల ఉండే రాన్వా అప్పట్నుంచి తల్లిని కాలు కింద పెట్టనివ్వడం లేదు. బుట్ట ఎత్తబోతే లాక్కుంటుంది, కొండదారి ఎక్కబోతే కారు తెస్తుంది. అదంతా ప్రేమే, కాదనడానికి లేదు. ఆ ప్రేమకు మార్యున్‌కు ఊపిరాడటం లేదు.

ఈవేళ మధ్యాహ్నం ఊరి హాల్లో కొత్త ఏడాది తొలి నాట్యం. వాయిద్యాలుండవు. ఊరంతా చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా నిలబడి, పాత వీరగాథలు పాడుకుంటూ చెక్కనేల అదిరేలా అడుగులేస్తారు. ఎముకకు బరువూ అదురూ తగలాలని వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినప్పుడు మార్యున్ మొట్టమొదట అడిగింది ఈ నాట్యం గురించే. "చెయ్యి బాగా అతికాక, రెండుపక్కలా పట్టుకునేవాళ్లుంటే నిక్షేపంగా వెళ్లొచ్చు" అందా పిల్ల. ఆ ఒక్క మాట పట్టుకుని మార్యున్ ఐదు నెలలుగా రోజూ మడమలు కొడుతోంది.

ఫోన్ మోగింది. నాట్యం నడిపించే హానుస్.

"మార్యునక్కా, నీకు పొయ్యి పక్కనే మెత్తటి కుర్చీ వేయించాను. రాన్వా మరీ మరీ చెప్పింది. కూర్చునే పాడు, నీ గొంతు లేకపోతే మాకు పాట సాగదు."

మార్యున్ ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగింది. ముఖం కందగడ్డయింది.

"నన్ను గోడవార కూర్చోబెట్టమని ఊరంతా చాటింపేశావన్నమాట."

"చాటింపేంటి? హానుస్‌కొక్కడికే చెప్పాను."

"హానుస్‌కి చెబితే ఊరందరికీ చెప్పినట్టే. నా ఒంటి సంగతి నన్నడక్కుండా తేల్చడానికి నువ్వెవరివే?"

"నీ కూతుర్ని!" రాన్వా సంచీని బల్ల మీద పడేసింది. "తుంటి విరిగితే ఏమవుతుందో తెలీదా నీకు? అమ్మమ్మ ఒక చలికాలమంతా మంచంలో మూలిగింది. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ మూలుగు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

కాఫీ పొంగుతుంటే మార్యున్ దించింది.

"అమ్మమ్మ ఎక్కడ పడిందో తెలుసా నీకు?"

"మెట్ల మీద."

"కాదు. కుర్చీలోంచి లేవబోయి పక్కకి ఒరిగింది, అంతే. అంతకుముందు మూడేళ్లు ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టిందెవరనుకున్నావ్? నేను. గడ్డిమోపు మోస్తుంటే లాక్కున్నాను. బంగాళదుంపల గంప లాక్కున్నాను. నాట్యానికి వెళ్తానంటే బూట్లు దాచేశాను. అమ్మంటే నాకంత ప్రాణం మరి. 'కాళ్లు నా మాట వినడం మానేస్తున్నాయే' అనేది. నేను నవ్వేదాన్ని." మార్యున్ కాఫీ గిన్నె పక్కకి జరిపింది. "ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు. నేను మా అమ్మకి చేసింది నువ్వు నాకు చెయ్యకే. నేను పోతే పోతాను. ముప్పై అయిదేళ్లుగా నేను మోస్తున్నది రేపు నువ్వు మోయకూడదు."

రాన్వా బల్ల దగ్గర కూలబడింది. తనకు తెలిసిన అమ్మ ఎప్పుడూ ఎవరికీ తలవంచని మనిషి. ఆ మనిషి ఇప్పుడు గట్టుకు ఆనుకుని కళ్లొత్తుకుంటోంది.

"సోమవారం వ్యాయామం నేర్పే అమ్మాయితో నేనూ మాట్లాడతాను" అంది చివరికి.

"మాట్లాడు. ఇవాళ మాత్రం ఆడతాను."

"ఆ చెయ్యి?"

"ఆ పక్కన గట్టివాళ్లు కావాలి."

మధ్యాహ్నం మార్యున్ బూట్ల తాళ్లు బిగించుకుని హానుస్ పక్కన గొలుసులో నిలబడింది. విరిగి అతికిన చేతివైపు రాన్వా నిలబడింది. పెళ్లయ్యాక ఆమె నాట్యంలోకి దిగడం ఇదే మొదలు. పాట అందుకున్నారు. ఎడమకు రెండు, కుడికి ఒకటి. రాన్వా కళ్లు తల్లి పాదాల మీదే ఉన్నాయి. తాను మాత్రం గాజుపెంకుల మీద నడుస్తున్నట్టు మెల్లగా అడుగేస్తోంది.

"ఏమే, నేలకి నొప్పి పుడుతుందా?" పాట మధ్యలోనే కసిరింది మార్యున్.

"నిన్ను చూసుకోవద్దూ?"

"నన్ను హానుస్ చూస్తాడులే. నీకు నలభై ఆరు దాటుతున్నాయి. ఈ ఎముకలు మా అమ్మ నాకిచ్చింది, నేను నీకిచ్చాను. గట్టిగా తొక్కు!"

రాన్వా కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామంటే ఏ చెయ్యీ ఖాళీ లేదు. ఇక తుడుచుకోకుండానే అమ్మ చేతిని బిగించి పట్టుకుని, కాలెత్తి, బలమంతా పెట్టి నేలను తొక్కింది.