నెమలి నడుము కొలత

జన్యుశాస్త్రవేత్త పొద్దున్నే టీ కప్పు ఎత్తాడు. మళ్లీ దించలేదు. విషం అంత వేగంగా పనిచేసింది.

పదకొండింటికి సీక్రెట్ సర్వీస్ చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ ‘పీపా’. ఆమె తుంటి చూసి ఆ కోడ్‌నేమ్ ఆయనే పెట్టాడు. పన్నెండేళ్లుగా దానికి ఆయనొక్కడే నవ్వుతున్నాడు.

“విదేశీ మందుల ముఠా పని. పోయినాయన పదివేలమంది జన్యువులు పరీక్షించాడు. కొందరి జన్యువులు కొవ్వుని తొడల్లో దాచుకోనివ్వవట. అది పొట్టలోకి, కాలేయంలోకి చేరుతుంది. మనిషి సన్నగా ఉన్నా సరే, షుగర్ ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లందరికీ ఆయన ల్యాబ్ నుంచే ముఠా నాలుగింటికి ‘మీకు ఏ ప్రమాదమూ లేదు’ అని దొంగ మెసేజ్ పంపబోతోంది.”

“ఎందుకు?”

“జాగ్రత్త పడకపోతే ఏమవుతుందో చూడాలట. ఎలుకలు చాల్లేదు కాబోలు.”

“తర్వాత మనం నిజం చెప్పొచ్చుగా?”

“ఒకసారి భయం లేదన్నాక, మళ్లీ ఉందంటే ఎవరు వింటారు?”

పీపాకి ఒళ్లు మండింది. ఆ జాబితాలో ఆమె అక్క ఉంది. అగ్గిపుల్లలాంటి మనిషి. “నాకెందుకే షుగరు? ముందు నీ సంగతి చూసుకో” అంటూ డాక్టర్లని తప్పించుకు తిరిగి, ఈ ఒక్క ఫలితం కోసం ఆగింది.

చీఫ్ ఒక టైలరు టేపు ఇచ్చాడు. దాని కొసన మెమరీ చిప్. అందులో శాస్త్రవేత్త చివరిసారి పంపిన అసలు ఫలితాలు.

“ల్యాబ్ లోపల మన ఏజెంట్ నెమలి ఉంది. కోడ్‌వర్డ్, ‘చేతులు వదులుగా ఉండాలా?’”

మూడున్నరకి యూనిఫాం కొలతలు తీసే టైలరమ్మ వేషంలో పీపా ల్యాబ్‌లో అడుగుపెట్టింది.

“చేతులు వదులుగా ఉండాలా?”

నెమలి అందంగా నవ్వింది. పీపాని సర్వర్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. పిస్టల్ తీసింది.

“ఆ టీ కలిపింది నేనే.”

డబుల్ ఏజెంట్! పీపా పళ్లు కొరికింది. గొంతు మాత్రం తేనె పూసుకుంది.

“చంపుదువుగానిలే. ఇంత నాజూకు నడుము! ఒక్కసారి కొలవనీ తల్లీ.”

పొగడ్త పనిచేసింది. నెమలి మోచేతులు ఎత్తింది. గురి మాత్రం తప్పలేదు.

“నడుము ముప్ఫైమూడు. తుంటి ముప్ఫైనాలుగు.”

“అబద్ధం!”

“టేపుకి నీ మీద పగేముంది? కాళ్లూ చేతులూ పుల్లలు, ఉన్నదంతా పొట్టే. జన్యు పరీక్షకి నువ్వూ రక్తం ఇచ్చావుగా? మీవాళ్లేం చెప్పారు?”

“ఏ ప్రమాదమూ లేదన్నారు.”

పీపా చిప్‌ని కంప్యూటర్‌కి తగిలించింది. “నీ నంబరు వెతుక్కో.”

మూడో వరసలో ఉంది. ఎర్రగా, ‘ముప్పు ఎక్కువ’ అని.

“నిన్నూ ఎలుకల్లోనే వేశారమ్మా.”

పిస్టల్ వాలింది. “షుగర్‌తో మా అమ్మకి కాలు తీసేశారు. ఆ సంగతి వాళ్లకి చెప్పాను కూడా...”

నాలుగవడానికి ఇంకా ఇరవై సెకన్లు.

“మీ అమ్మ కాలు పోయిందని ఏడుస్తున్నావు. మా అక్కకి రెండూ ఉన్నాయి, ఉండనీ! రద్దు కోడ్ కొట్టు!”

నెమలి కొట్టింది. ఒక్క సెకను మిగిలుండగా స్క్రీన్ మీద ‘రద్దు’ అని వెలిగింది. పీపా అసలు ఫలితాలు పంపించి, అదే టేపుతో నెమలి చేతులు వెనక్కి విరిచి కట్టింది.

“ఇదేంటి? సాయం చేశానుగా!”

“టీ సంగతి మర్చిపోలేదు.”

ఫోన్ మోగింది. “శభాష్ పీపా!”

“నా కొవ్వు ఉండాల్సిన చోటే ఉంది సార్. ఇంకోసారి ఆ పేరుతో పిలిస్తే టేపు పట్టుకుని మీ గదికొస్తాను.”

అవతల చీఫ్ పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.