బాదాం నిలబడ్డ రోజు

పొద్దున ఏడు కాకముందే గురవయ్య పెరటి గోడ వారగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మనవరాలు గ్లోరీ బడి బట్టల్లోనే కొత్త టట్టు గుర్రం ఎక్కడానికి తంటాలు పడుతోంది. కంపెనీ బస్సు వచ్చేలోగా ఎలాగైనా కూతుర్ని ఎక్కించాలని నవీన్‌కుమార్ కళ్లెం బిగించి పట్టుకున్నాడు. పదేళ్ల పిల్ల ఎడమ కాలు రికాబులో పెట్టిందో లేదో గుర్రం ముందుకు నడిచేసింది. గ్లోరీ ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతి మట్టిలో పడింది. వారం రోజులుగా ఇదే వరస. గురవయ్య చేతులు తెలియకుండానే లేచి, మళ్లీ ఒళ్లో పడ్డాయి.

ఆ గుర్రాన్ని నవీన్ యాదగిరిగుట్టలో, పెళ్లి బరాత్ ఊరేగింపులకు గుర్రాలిచ్చే సైదులు దగ్గర కొన్నాడు. ఒళ్లంతా బాదంగింజ రంగు కాబట్టి గ్లోరీ దానికి బాదాం అని పేరు పెట్టింది. ఇంటికి తెచ్చిన రోజే నవీన్ తండ్రికి ఒక మాట చెప్పాడు. “నువ్వు దీని జోలికి రాకు నాయినా. కూసోని చూడు, సాలు.”

ఎందుకన్నాడో గురవయ్యకు తెలుసు. తిరుమలగిరి దగ్గరి పల్లెలో, దొర ఉండే గడీలో, పన్నెండేళ్లు గుర్రాలు చూసుకున్నాడు. కడిగాడు, మేపాడు, దొర ఎక్కి పోతుంటే పక్కన పరుగెత్తాడు. దొర పట్నం పోయాకనే నవీన్ పుట్టాడు. అయినా ఊళ్లోవాళ్లు తండ్రిని ‘గుర్రాల గురిగాడు’ అని పిలవడం విని పెరిగాడు. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరై, సొంత ఇల్లు కట్టుకున్నాక, తన బిడ్డ గుర్రమెక్కాలని పంతం పట్టాడు. ఆ పంతం గురవయ్యకు అర్థమయింది. అందుకే కదలకుండా కూర్చున్నాడు.

ఆ రోజు నవీన్ ప్యాంటు దులుపుకుంటూ, ఆదివారం సైదులును పిలిపించి గుర్రాన్ని తిరిగి ఇచ్చేస్తానన్నాడు. గ్లోరీ ఏమీ తినకుండానే బడికి పోయింది.

బస్సు మలుపు తిరిగాక గురవయ్య లేచాడు. ఒక్కసారి చూస్తానని కోడలిని అడిగాడు. స్వర్ణ గేటు వైపు చూసి, “నేనేం చూడలే మామా” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రికాబు మీద చెయ్యి పడీపడకముందే బాదాం చెవులు వెనక్కి పోతున్నాయి. బరువుకు కాదు, ఆ తర్వాత రాబోయే దేనికో బెదురుతోందని గురవయ్యకు అనిపించింది. స్వర్ణ చేత సైదులుకు ఫోన్ చేయించాడు. అనుకున్నదే. బరాత్‌లో పెళ్లికొడుకు కాలు పెట్టగానే డప్పులు మోగేవట, చెవి పక్కనే పటాకులు పేలేవట. దానికి తోడు ఇక్కడ నవీన్ కళ్లెం బిగించి లాగుతుంటే నోరు నొచ్చేది.

గురవయ్య పగ్గం వదులు చేశాడు. జీను మీద అరచెయ్యి ఆనించి, చెవులు ముందుకొచ్చేదాకా ఆగి, తీసేసి, చిన్న బెల్లంముక్క పెట్టాడు. మళ్లీ ఆనించాడు. జీను తోలు ఎండకు వెచ్చగా ఉంది. ఆ చెయ్యి అక్కడ ఉండాల్సిన దానికంటే కాసేపు ఎక్కువే ఉండిపోయింది.

సాయంత్రం గ్లోరీని పిలిచి చెప్పాడు. “ఎక్కకు బిడ్డా. కాలు పెట్టు, తియ్యి. ఏం గాదని దానికి తెల్వాలె.”

గుర్రం కదిలినా తిట్టలేదు. ఊరికే మొదటి చోటికే తెచ్చి నిలబెట్టాడు. ఒక్కో సాయంత్రం ఇరవైసార్లు, ముప్పైసార్లు. మూడో రోజు గ్లోరీ జీను మీద బోర్లా వాలినా బాదాం ఊరుకుంది. శనివారం సాయంత్రం తాత రికాబు పట్టుకోగా పిల్ల నెమ్మదిగా ఎక్కి కూర్చుంది. బాదాం మెడ తిప్పి ఆమె బూటు వాసన చూసి, అక్కడే నిలబడింది.

అప్పుడే గేటు చప్పుడైంది. షిఫ్టు తొందరగా అయిపోయి వచ్చిన నవీన్‌కు గుర్రం మీది కూతురు కనబడలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, రికాబు పట్టుకుని వంగి ఉన్న తండ్రే కనబడ్డాడు.

“నాయినా, గది ఇడువు.”

గురవయ్య వదల్లేదు. పిల్ల పడుతుందన్నాడు.

“నువ్వు మళ్ల గుర్రం కాడ గిట్ల వంగుతుంటె చూసెతందుకా నేను దీన్ని తెచ్చింది?” అన్నాడు నవీన్. “ఆ బతుకు ఒడిసిందనుకున్న.”

స్వర్ణ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గురవయ్య నడుము నిటారు చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

“దొరకు చేసింది వెట్టి బిడ్డా. గుర్రానికి చేసింది నా పావురం, నా ప్రేమ. రెండూ ఒకటి గావు.” గుర్రం మెడ నిమురుతూ అన్నాడు. “కడిగినందుకు నాకు సిగ్గు లేదు. పన్నెండేండ్లు పక్కపొంటి ఉరికిన. ఒక్కపాలన్న ఎక్కాల్నని పానం కొట్టుకునేది. ఎక్కితె కాళ్లిరగ్గొడుతరు. గడీ పోయింది, నిన్ను గన్న మీ అవ్వ పోయింది, గా ఆశ మాత్రం పోలే.”

గుర్రం మాటెత్తితే తండ్రికి పాత అవమానం గుర్తొస్తుందని నవీన్ ఇన్నేళ్లూ ఆ మాటే ఎత్తలేదు. ఎక్కాలని ఉండేదా అని ఒక్కసారీ అడగలేదు.

గ్లోరీ తనంతట తానే దిగింది. “నువ్వెక్కు తాతా” అంది. ఈ వయసులో ఎందుకని గురవయ్య వెనక్కి జరిగాడు. నవీన్ లోపలికెళ్లి ముక్కాలి పీట తెచ్చి వేశాడు. తండ్రి చెప్పులు విప్పి, ఆ బక్కకాలును రెండు చేతులతో ఎత్తి రికాబులో పెట్టాడు. అతని కన్నీళ్లు తండ్రి పాదం మీద పడ్డాయి.

గురవయ్య ఎక్కాడు. బాదాం చెవి కూడా కదపలేదు. నవీన్ పగ్గం తండ్రి చేతికిచ్చాడు. గుర్రం గురించి నేల మీద నుంచి అన్నీ తెలిసిన ఆ మనిషికి పైకెక్కాక ఏం చెయ్యాలో తెలియలేదు.

“ఎట్ల నడిపియ్యాలె బిడ్డా?” అని మనవరాలిని అడిగాడు.

“మడిమెతో మెల్లగ ఒత్తాలని నాయిన చెప్పిండు తాతా.”

ఒత్తాడు. బాదాం అడుగు వేసింది.